కాగితం తలకిందులు పెట్టాలె, నవ్వొద్దు

చీరను ముట్టకుండనే చీరను ఆగం చేసిన మనిషిని మీరు ఎప్పుడన్న చూసిన్రా? మగ్గం ఎక్కలె, దారం పట్టలె, రంగుల చెయ్యి పెట్టలె. కుర్చీల కూసొని, ల్యాప్‌టాప్ ఒళ్ళె పెట్టుకొని, పల్లీలు తినుకుంట, ఎవలో రాసిన ఒక్క మాటను సాఫ్ చేసిన. గంతే. మా ఇంట్ల మగ్గం మీద ఏనుగుల మందకు మంద ఆగమైపోయింది. ఆ మనిషిని నేనే. పేరు నరేందర్. నవ్వుకుంటమంటే నవ్వుకోండ్రి. మా ఊర్లె అందరు నవ్విన్రు, మీకు మాత్రం ఎందుకు తక్కువ చెయ్యాలె.

మాది నార్కట్‌పల్లి అడ్డరోడ్డు కాడ దిగి జర లోపలికి పోతే వచ్చే ఊరు. నేతోళ్ళం. నేను పుట్టినప్పటి సంది మగ్గం చప్పుడు ఇంటున్న గని, మగ్గం గుంతల ఒక్కనాడు కాలు పెట్టలె. మా బాపు "నువ్వు చదువుకో బిడ్డ" అన్నడు. నేను దాన్ని "నువ్వు ఇంట్ల ఏ పని ముట్టకు" అని అర్థం చేసుకున్న. ఆ మాటను మాత్రం జిందగీల ఎన్నడు జవదాటలె. నల్లగొండల ఇంజనీరింగు చదువుకుంట, పొద్దుగాల బస్సెక్కి పోయి, మాపటికి వచ్చి, బాపు నేస్తాంటె పక్కన కూసొని ఫోన్ చూసేటోన్ని.

ఆ ఏడాది మా కాలేజీల ఒక పిచ్చి మొదలైంది. అక్టోబర్ నెలల ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములకు కొన్ని మార్పులు చేసి పంపితే, ఎక్కడ్నో దేశం కాని దేశం కెళ్ళి ఒక టీషర్ట్ వస్తదంట. ఓపెన్ సోర్స్ అంటే ఏందో తెల్వనోళ్ళకు చెప్త. మన ఊరి బోరింగు లెక్క. ఎవలైనా వచ్చి నీళ్ళు పట్టుకోవచ్చు, చెడిపోతే ఎవలైనా బాగు చెయ్యొచ్చు. చెడిపోకున్నా బాగు చేస్తనని వచ్చి పాడు చేసేటోడు గూడ ఉంటడు. గా ఆఖరోడి గురించే ఈ కథ.

మా క్లాసుల ఇద్దరు ముగ్గురికి అప్పటికే ఆ టీషర్ట్లు వచ్చినయ్. వాళ్ళు వాటిని ఎట్ల తొడుక్కొని తిరిగిన్రంటే, ఉతికితె ఇజ్జత్ పోతదేమో అన్నట్టు దినాం అవే. నాకు గూడ కావాలె అనిపించింది. గని కోడ్ రాయాల్నంటే కోడ్ రావాలె గద. మనకు గంత రాదు. అప్పుడు మా దోస్తు ఒకడు ఉపాయం చెప్పిండు.

"అరే, కోడ్ ఎందుకు ముడ్తవ్? కామెంట్లు సాఫ్ చెయ్. గైడ్ మంచిగ రాయి. అది గూడ మార్పే."

కామెంట్లంటే కోడ్ నడుమల మనుషుల కోసం రాసిపెట్టుకునే మాటలు. కంప్యూటర్ వాటిని చదవది, దాటేసి పోతది. గైడ్ అంటే ఆ ప్రోగ్రామ్ ఎట్ల వాడాల్నో చెప్పే కాగితం. చూసిన్రా, కంప్యూటరే పట్టించుకోని మాటలు. వాటిని మారిస్తే ఎవలికి నష్టం? నాకైతే ఇది ఆకాశంల కెళ్ళి ఊడిపడ్డ అదృష్టమే అనిపించింది.

ఇగ సాఫ్ చేసుటానికి చెత్త కావాలె. అది నాకు మక్తల్ సరోజక్క కాడ దొరికింది.

సరోజక్క నాకు పాలమూరుల ఒక కంప్యూటర్ మీటింగుల పరిచయం. హైదరాబాద్‌ల ఉద్యోగం చేసి, తర్వాత మక్తల్‌ల ఇంటికాడనే కూసొని పని చేసుకునేది. నేతపని మీద ఆమెకు మోజు. కొన్నాళ్ళు మా దిక్కు వచ్చి ఉండి చిటికి కట్టుడు నేర్చుకున్నది. చిటికి అంటే ఏం లేదు, నూలును బొమ్మ ప్రకారం అక్కడక్కడ రబ్బరుతోని బిగించి కట్టి రంగుల ముంచుతరు. కట్టిన కాడ రంగు ఎక్కది. ఆ దారాలను వరుసగ నేస్తే బట్ట మీద బొమ్మ దానంతటదే లేస్తది. సరోజక్క దానికి ఒక ప్రోగ్రామ్ రాసి అందరికి ఉచితంగ పెట్టింది. బొమ్మ గీసి ఇస్తే, ఏ దారాన్ని ఏడ కట్టాల్నో గళ్ళ కాగితం అచ్చేసి ఇస్తది. దానితోని ఒక గైడ్ గూడ ఇస్తది.

ఆ కోడ్ తెరిచిన. తెరిస్తే సరోజక్క అంత అండ్లనే ఉన్నది. ఒక కాడ "ఈ లైను ముట్టకుండ్రి. ఎందుకు పనిచేస్తాందో నాకు గూడ తెల్వదు" అని. ఇంకో కాడ "అమ్మ అన్నానికి పిలుస్తాంది, మిగిలింది తిన్నంక రాస్త" అని. ఇంకొంచెం కిందికి పోతే "పైన రాసింది తప్పు. కింద రాసింది గూడ అనుమానమే" అని. గైడ్ అయితే ఇంకా ఘోరం. "దారం తెగితే ఫికర్ చెయ్యకు. ముడేసి ముందుకు పో." ఇదేం రాతండీ? ప్రపంచం మొత్తం చూసే జాగల, వాకిట్ల కూసొని ముచ్చట పెట్టినట్టు రాస్తరా?

నాలో పండితుడు నిద్రలేసిండు. వాడు అంతకు ముందు ఎన్నడు లేవలె, తెలుగు పరీక్షనాడు గూడ లేవలె. ఆఫీసు బోర్డుల మీద ఉంటది చూడుండ్రి ఒక తెలుగు, ఆ తెలుగు నా నోటికి ధారగ వచ్చింది. దారం తెగుడు పోయి "తంతువు తెగిన యెడల ఆందోళన చెందక ముడివేసి పురోగమించవలెను" అయ్యింది. అన్నం ముచ్చట కొట్టేసిన. అనుమానం ముచ్చట కొట్టేసిన. సాఫ్ చేస్తాంటె చేతులకు సంబురమైతాంది.

గట్ల ఊడ్చుకుంట పోతాంటె గైడ్‌ల ఒక వాక్యం తగిలింది.

"అచ్చైన కాగితాన్ని తలకిందులు పెట్టుకొని చిటికి కట్టాలె. నవ్వొద్దు. చెప్తున్న గద, తలకిందులే."

నేను నవ్విన. పల్లీ పొట్టు ఎగిరి కీబోర్డు మీద పడ్డది. కాగితాన్ని తలకిందులు పెట్టే మనిషి భూమ్మీద ఎవలుంటరు? పాపం అక్క అలిసిపోయి ఏదో రాసింది అనుకున్న. ఆమె ఇజ్జత్ కాపాడుదామని, మంచి మనసుతోని, ఆ వాక్యాన్ని తీసేసి గిట్ల రాసిన: "ముద్రిత పత్రమును యథాతథముగా అమర్చుకొనవలెను."

యథాతథముగా. ఎంత మంచిగున్నది చెప్పండ్రి. రాసినంక నేనే ఒకసారి బయటికి చదువుకున్న.

అక్కకు మెసేజ్ పెట్టిన. "అక్కా, కామెంట్లు, గైడు సాఫ్ చేసి పంపిన. జర చూసి కలుపుకో."

"కోడ్ ముట్టినవా?"

"లేదక్కా. ఒట్టి మాటలే."

"గట్లయితే సరే. మా మేనకోడలు పెండ్లిల ఉన్న. రెండు చేతులకు గోరింటాకు. ముక్కుతోని నొక్కుతున్న, కలిసింది."

గట్ల నా మార్పు ముక్కు సాక్షిగ ప్రపంచంలకు పోయింది. నేను టీషర్ట్ సైజు ఏం పెట్టాల్నా అని ఆలోచన చేసుకుంట పండుకున్న.

ఇప్పుడు మా పద్మ వదిన సంగతి చెప్పాలె. మా అన్న హైవే మీద లారీ నడుపుతడు, ఇంటికాడ కనబడుడు తక్కువ. వదినోళ్ళది దేవరకొండ దిక్కు. వాళ్ళ తాతల నాడే మగ్గం ఇడిచిపెట్టి కిరాణం పెట్టుకున్నరు, గందుకని ఆమెకు నేతపని అసలే రాదు. నార్కట్‌పల్లిల బట్టల దుకాణంల పనికి పోయేది. జనం చీరలు విప్పి విప్పి చూసి కొనకుండ పోతే, వాటిని మడత పెట్టుడు ఆమె పని. పొద్దంత నిలబడి మడతలే మడతలు. మాపటికి ఇంటికొచ్చి కాళ్ళు పిసుక్కుంట ఒకనాడు అన్నది, "ఎన్నేండ్లు మంది చీరలు మడత పెట్టాలె? నాదొకటి నేస్త. కూసొని నేస్త."

గట్ల బాపు దగ్గర నేర్చుకునుడు షురూ చేసింది. మా ఊరి నేతోళ్ళ సొసైటీ షెడ్డుల ఒక మగ్గం ఖాళీగ ఉండె. ఎవలైనా కొత్తోళ్ళు పెద్దల చెయ్యి పడకుండ తమంతట తాము ఒక చీర నేసి చూపెడితే, ఆ మగ్గం వాళ్ళకిస్తమని సొసైటోళ్ళు అన్నరు. నూలు గూడ వాళ్ళే ఇచ్చిన్రు. చీర మంచిగొస్తే వదినకు సొంత మగ్గం. రాకపోతే మగ్గం ఇంకొకలకు, వదిన మళ్ళ దుకాణానికి. ఆమె ఆశ అంత ఆ ఒక్క చీర మీదనే ఉండె.

"కొంగుకు రెండు వరుసల ఏనుగులు పెడ్త" అన్నది వదిన. "నరేందర్, మీ కంప్యూటర్‌ల చిటికి కాగితం వస్తదంట గద. తీసిస్తవా?"

"అరె వదినా, దాని గైడ్ రాసిందే నేను" అన్న. కాలర్ లేని బనీను మీదున్న గని కాలర్ ఎగరేసినంత పని చేసిన.

ఏనుగు కాగితం, గైడు రెండు నల్లగొండల ప్రింటు తీసి తెచ్చిచ్చిన. వదిన గైడును దేవుని పటం పట్టుకున్నట్టు రెండు చేతుల పట్టుకొని చదివింది. చదువుకుంట చదువుకుంట ఒక కాడ ఆగింది.

"యథాతథము అంటే ఏంది?"

"ఎట్ల వచ్చిందో అట్లనే అని."

"మరి గా ఎనుక ఇంటి సత్తెక్క కాగితం తిప్పి పెట్టాలె అంటాంది?"

"సత్తెక్క రాసిందా గైడు, నేను రాసిన్నా?"

"నువ్వే రాసినవ్."

"మరి?"

బాపు పక్క మగ్గం మీద పనిల ఉన్నడు. అడుగుదామని వదిన అటు చూసింది. బాపు తలెత్తకుండనే అన్నడు, "నన్నడగొద్దు బిడ్డ. పెద్దోళ్ళ చెయ్యి పడొద్దన్నరు. కంప్యూటర్ సంగతి నాకసలే తెల్వదు, అదే తిప్పి ఇస్తదేమో." అని మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. పరీక్ష హాల్ల సారు లెక్క.

వదిన కాగితాన్ని యథాతథముగా అమర్చుకున్నది.

వారం పది దినాలు ఆమె పడ్డ కష్టం నేను కండ్లార చూసిన. దుకాణం నుంచి వచ్చుడు, కాళ్ళు కడుక్కునుడు, సైకిల్ ట్యూబు ముక్కలు పట్టుకొని చిటికి కట్టుడు. వేళ్ళ సందుల ఎర్ర రంగు పోనే పోలె. అన్నం కలుపుతాంటె గూడ అన్నం ఎర్రగయ్యేది. నేను పక్కన కూసొని, "దారం తెగిన యెడల ఆందోళన చెందకు వదినా" అని ధైర్యం చెప్పిన. అంతకు మించి సాయం చేసినట్టు నాకు గుర్తులేదు.

ఆఖరికి రంగులైనయ్, నూలు ఆరింది, దాన్ని కండెలకు, అంటే నేసేటప్పుడు దారం ఇడిసే సన్న గొట్టాలకు, చుట్టింది. ఒక ఆదివారం పొద్దుగాల వదిన మగ్గం మీద కూసున్నది. మా అవ్వ కొబ్బరికాయ కొట్టింది. బాపు గోడ దిక్కు మొఖం పెట్టి గూడ, అద్దం ఒకటి గోడకు తగిలించుకొని అండ్లకెళ్ళి చూస్తాండు. నేను పల్లీలతోని తయార్.

కొంగు అంచు నుంచి నేత షురూ అయితది. అంటే ముందుగాల ఏనుగు కాళ్ళు రావాలె, తర్వాత కడుపు, తర్వాత వీపు. కొంగు భుజం మీదికెళ్ళి ఎనకకు ఏలాడితే ఏనుగులు సక్కగ నిలబడాలె గద.

దారం ఎనుక దారం పడ్తాంది. ఎర్రటి బట్ట మీద తెల్లగ ఏదో లేస్తాంది.

"వస్తాంది, వస్తాంది, కాలొస్తాంది" అన్నది అవ్వ.

వచ్చింది గుండ్రంగ ఉన్నది.

"ఏనుగు కాలు గింత వెడల్పుంటదా?" అన్నది వదిన.

"ఏనుగు గద వదినా. పెద్దగనే ఉంటది" అన్న నేను.

ఇంకొంచెం నేసింది. గుండ్రం పోయి ఇంకా పెద్ద గుండ్రం అయ్యింది. నాలుగు కాళ్ళు కలిపి ఒకటే కాలుగ వస్తాందేమో అని అవ్వకు అనుమానం. బాపు అద్దంల చూసుడు ఆపి, సీదా ఇటు తిరిగిండు. వదిన చేతులు మెల్లగైనయ్. ఇంకొంచెం నేసినంక ఒక చెవి వచ్చింది. తర్వాత కన్ను వచ్చింది. ఆ కన్ను నా దిక్కే చూస్తున్నట్టు అనిపించింది. ఆఖరికి, అన్నిటికంటె పైన, వరుసకు వరుస కాళ్ళు లేసినయ్. ఏనుగులన్ని వెల్లకిల పండుకొని కాళ్ళు ఆకాశం దిక్కు పెట్టినయ్.

అవ్వ చానాసేపు చూసి, "సచ్చిపోయినయా?" అన్నది.

"కాగితం ఎట్ల పెట్టినవ్ బిడ్డ?" అన్నడు బాపు.

"గైడ్‌ల రాసినట్టే పెట్టిన మామా. యథాతథముగా."

"ఎవలు రాసిన్రు గది?"

ముగ్గురు నా దిక్కు తిరిగిన్రు. నోట్లె పల్లీ ఉన్నది. నములుదామంటే చప్పుడైతది, మింగుదామంటే పోతలేదు.

అప్పుడు బాపు చెప్పిండు. "కండెకు ముందుగాల చుట్టిన దారం లోపల పడ్తది రా. నేసేటప్పుడు అది ఆఖరికి వస్తది. ఆఖరికి చుట్టింది ముందుగాల వస్తది. గందుకే కాగితం తిప్పి పెట్టుకొని కడ్తం. కాగితం మీద తలకిందులుంటేనే చీర మీద సక్కగ వస్తది. మీ కంప్యూటర్ తిప్పి ఇస్తదేమో అనుకున్న నేను."

కంప్యూటర్ తిప్పది. తిప్పదు కాబట్టే సరోజక్క "తలకిందులే" అని రాసింది. నవ్వొద్దని గూడ రాసింది. నేను నవ్విన, కొట్టేసిన.

వదిన తిట్టలె. తిడితె మంచిగుండు. మగ్గం మీదికెళ్ళి లేసి పోయి గడప మీద కూసున్నది. రంగు పట్టిన వేళ్ళు చూసుకుంట, "ఇగ దుకాణంల మడతలే నాకు" అన్నది. ఆ మాటకు నాకు నిజంగ సిగ్గనిపించింది. టీషర్ట్ కోసం నేను ఈమె మగ్గం గుంజుకున్న గద అనిపించింది.

సరోజక్కకు ఫోన్ చేసిన. ఉన్నదున్నట్టు చెప్పిన. అక్క పక్కుమని నవ్వింది.

"అక్కా, నవ్వకు. ఇక్కడ వదిన ఏడుస్తాంది."

"నిన్ను చూసి నవ్వుతలేను రా. నా మొదటి చీర యాదికొచ్చింది. హంసలు నేసిన నేను. అన్ని మునిగిపోయి తోకలు పైకి పెట్టినయ్. గా దినం వచ్చి రాసిన ఆ ముక్క. ఎవలన్న నవ్వి కొట్టేస్తరని తెలుసు, గందుకే 'నవ్వొద్దు' అని గూడ రాసిన."

"ఎందుకో గూడ రాయకపోయినవా అక్కా?"

"సిగ్గైంది రా" అన్నది అక్క.

ఫోన్ పెట్టేసి ఇంట్లకొస్తే, బాపు మగ్గం ముందట నిలబడి మీసం గోక్కుంటాండు. ఊడదీద్దామంటే కొత్త చెయ్యి, పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, తెగుతయని భయం. సొసైటోళ్ళు దగ్గరి దినాలల్లనే చూస్తానికి వస్తరు. ఏదో ఒకటి చెప్పాలె గద అని నేను నోరు తెరిచిన. నేను నోరు తెరువని దినమేది.

"వదినా, ఎవలన్న అడిగితే నీళ్ళల్ల ఏనుగుల నీడ అని చెప్దాం."

బాపు నా దిక్కు చూసిన చూపు ఇప్పటికి యాదికున్నది. "నీడనా?"

"అవ్ బాపు. నీళ్ళల్ల నీడ తలకిందులే గద ఉంటది."

"నీడ సరే రా. మరి ఏనుగులేవి?"

గడప మీద కూసున్న వదిన తలెత్తింది.

"మామా, ఇంకో వరుస కండెలు ఉన్నయ్ గద?"

"ఉన్నయ్."

"వాటిని ఇంకో కండెలకు మళ్ళ చుట్టితే?"

బాపు ఆలోచన చేసిండు. వేలుతోని గాలిల చుట్టి చూసిండు. "మొదలు ఆఖరైతది, ఆఖరు మొదలైతది. సక్కగ నిలబడ్తయ్." అని, అంతట్లనే యాదికొచ్చి, "నేను చెయ్యి పెట్టలేదు సుమా. చెయ్యి పెట్టొద్దన్నరు గని నోరు పెట్టొద్దనలె" అని మళ్ళ గోడ దిక్కు తిరిగిండు.

వదిన లేసింది. కండ్లు తుడుచుకోకుండనే లేసింది. నీలం దారం కొంచెం మిగిలుంటే తెచ్చి, ఆ తలకిందుల ఏనుగుల కాళ్ళ కాడికెళ్ళి సన్నటి పట్టీ నేసింది. మిగిలిన కండెలన్ని తన చేతులతోనే తిరిగి చుట్టింది. నన్ను మాత్రం, "నువ్వు ఛాయ్ పెట్టు. ఎట్ల పెట్టాల్నో రాయకు, పెట్టు" అన్నది. పెట్టిన. చక్కెర మర్చిపోయిన గని ఎవలు ఏమనలె, ఎందుకంటే అందరి కండ్లు మగ్గం మీదనే ఉన్నయ్.

ఈసారి కాళ్ళే ముందుగాల వచ్చినయ్. సన్నగ, సక్కగ, నీలం పట్టీ మీద ఆనుకొని. తర్వాత కిందికి దించిన తొండాలు, కడుపులు, చెవులు, వీపులు. వరుస పూర్తయినంక వదిన ఎనకకు జరిగి చూసింది. ఏనుగుల మంద నీళ్ళ ఒడ్డుకొచ్చి నిలబడ్డది. తొండాలు నీళ్ళకు తాకుతున్నయ్. నీళ్ళల్ల కెళ్ళి ఇంకో మంద తొండాలు పైకెత్తి వాటిని అందుకుంటాంది.

"బతికినయ్" అన్నది అవ్వ.

సొసైటీ అధ్యక్షుడు యాదగిరి తాత వచ్చిన దినం మా ఇంట్ల ఎవలం సక్కగ ఊపిరి తీసుకోలె. తాత మా ఊర్లె అందరికంటె పాత నేతగాడు. మెచ్చుకునుడు ఆయనకు అలవాటు లేదు. కొంగు పట్టుకొని వెలుతురుకు పెట్టిండు. తిప్పి చూసిండు. దారాల మీద గోరు పెట్టి గీరిండు. ఒక కాడ రంగు ఊరిందని పెదవి ఇరిసిండు. ఇంకో కాడ అంచు గుంజుకపోయిందని తల ఊపిండు. మళ్ళ కొంగు కాడికే వచ్చి ఆగిండు.

"నీళ్ళు తాగుతున్నయా?"

"అవ్ తాతా" అన్నది వదిన.

"నా జిందగీల ఏనుగులు మస్తు నేసిన. నీళ్ళు తాపలె ఎన్నడు." కొంగును మడతపెట్టి వదిన చేతుల పెట్టిండు. "అంచు సక్కగ పట్టుడు నేర్చుకోవాలె. షెడ్డుల మగ్గం నీదే, నేర్చుకో. గని గిట్ల నెయ్యాల్నని నీకెట్ల తట్టింది బిడ్డ?"

వదిన నా దిక్కు చూసింది. ఇగ అయిపోయింది నా పని అనుకున్న.

"మా మరిది గైడు రాసిండు తాతా. ఆయన రాసింది రాసినట్టు చేసిన, గిట్లొచ్చింది."

ఒక్క అబద్ధం లేదు అండ్ల. బాపుకు పొలమారింది. తాత వచ్చి నా భుజం తట్టి, "చదువుకుంటే గిట్ల పనికి రావాలె. షెడ్డుల కొత్తోళ్ళందరికి నువ్వే రాసియ్యి" అన్నడు. ఆ భుజం కొన్ని దినాలు మండింది. కొట్టినందుకు కాదు, మెచ్చినందుకు.

టీషర్ట్ సంగతి మీరు అడుగుతరని తెలుసు. నా మార్పును సరోజక్క వాపస్ తీసింది. వాపస్ తీసిన మార్పు లెక్కల పడదంట. నార్కట్‌పల్లి అడ్డరోడ్డు కాడ కొరియర్ పిలగాడు ఎవలెవలికో ఫోన్ చేసిండు గని, నాకు మాత్రం చెయ్యలె.

నేను కొట్టేసినయన్ని అక్క మళ్ళ పెట్టింది. అన్నం ముచ్చట, అనుమానం ముచ్చట, దారం తెగితే ఫికర్ చెయ్యకు ముచ్చట, అన్ని. తలకిందుల వాక్యం కాడ మాత్రం, "ఎందుకో నువ్వే రాయి. నాకైన సిగ్గు నీకు గావద్దు" అన్నది. రాసిన. బోర్డుల తెలుగుల కాదు, మా ఇంటి తెలుగుల. "కాగితాన్ని తలకిందులు పెట్టాలె. ఎందుకంటే కండెకు ముందుగాల చుట్టింది ఆఖరికి వస్తది. నవ్వి కొట్టేస్తే మా వదిన ఏనుగులకు పట్టిన గతే పడ్తది. నమ్మకపోతే నరేందర్‌ను అడుగుండ్రి." దాని కింద, నీళ్ళు తాగే ఏనుగులు కావాల్నంటే రెండో వరుస కండెలు ఎట్ల తిరిగి చుట్టాల్నో వదిన చెప్తాంటె రాసిన. ఆమె చదివి, ఎక్కడ ఆగలె. అది చూసి నాకు అయినంత సంబురం ఏ టీషర్ట్ వచ్చినా కాకపోవు.

వదిన దుకాణంల పని బందు పెట్టింది. షెడ్డుల సొంత మగ్గం మీద కూసొని నేస్తది, ఆమె దగ్గర ఇప్పుడు కొత్తోళ్ళు నేర్చుకుంటున్నరు. ఆ మగ్గం మీద ముందుగాల ఆమె చీర నెయ్యలె. ఒక తువ్వాల నేసి నాకిచ్చింది. మూలకు ఒక్కటే ఏనుగు. వెల్లకిల, కాళ్ళు పైకి. కావాలనే నేసింది. "నీ టీషర్ట్" అన్నది. నేను దాన్ని అక్కడికక్కడే భుజం మీదేసుకున్న.

ఇప్పుడు ఆ ప్రోగ్రామ్‌ను అక్కతోని పాటు నేను గూడ చూసుకుంటున్న. మొన్న అక్టోబర్‌ల ఎవలో ఒక తమ్ముడు మార్పు పంపిండు. తెరిచి చూసిన. "గైడ్‌లో నరేందర్ అనే వ్యక్తి గురించి, ఏనుగుల గురించి అనవసరమైన హాస్యం ఉంది. తొలగించి శుభ్రపరిచితిని" అని రాసిండు.

చేతిల పల్లీలు కింద పెట్టిన. "తమ్ముడూ, మీ ఇంట్ల ఎవలన్న నేస్తరా?" అని అడిగిన.

"లేదన్నా. టీషర్ట్ కోసం."

మస్తుసేపు నవ్విన. తర్వాత ఆ తమ్మునికి అంత ఇడమర్చి చెప్పిన. ఆయన నిజంగనే మంచి పిలగాడు. వాపస్ పోయి కోడ్‌ల నిజంగ ఉన్న ఒక తప్పు పట్టి, సక్కగ చేసి పంపిండు. కలుపుకున్నం. టీషర్ట్ సైజు గూడ నేనే చెప్పిన, జర వదులుది పెట్టుకో తమ్మీ అని.

ఇగ నా ప్రతిజ్ఞ ఇనుండ్రి. ఈ తువ్వాల మీద చెయ్యి పెట్టి, మా ఇంటి మగ్గం సాక్షిగ, సరోజక్క ముక్కు సాక్షిగ చెప్తున్న. ఎవలన్న ఏదన్న రాసి పెడితే, ఎందుకు రాసిన్రో అడగకుండ ఇగ జన్మల కొట్టెయ్య. నవ్వొద్దంటే నవ్వ. ముట్టొద్దంటే ముట్ట.

ఈ తువ్వాల భుజం మీదేసుకొని నార్కట్‌పల్లి అడ్డరోడ్డు కాడ బస్సు కోసం నిలబడ్తే, దినాం ఎవలో ఒకలు దగ్గరికొచ్చి, "అన్నా, తువ్వాల తలకిందులు ఏసుకున్నవ్, ఏనుగు చూడు" అంటరు. నేను తిప్పుకోను.

"లేదన్నా," అంట. "ఇది యథాతథమే."